పండుగ పనీర్ ఎవరి పాలది?

(మెట్‌పల్లిలో జరిగిన పాడి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దటి నుంచి వడ్ల కొనుగోలు గురించి, పసుపు ధర గురించి, యూరియా లైన్ల గురించి పెద్దలు మాట్లాడారు. ఇప్పుడు మేము చెప్పబోయేది వంటింటి సంగతి. రైతు సంఘం సభలో వంట ముచ్చటేమిటని వెనక కూర్చున్నవాళ్లు నవ్వుతున్నారు, నవ్వండి. బతుకమ్మ, దసరా దగ్గరికొచ్చాయి. ఈ పండుగ పది దినాల్లో మన ఇండ్లలో, మన ఊరి విందుల్లో తినే పనీర్, కోవా, నెయ్యి ఎవరి పాలతో తయారైనవో లెక్క తీస్తే, అది పాల ధర దగ్గరికే వచ్చి ఆగుతుంది.

మన పండుగలో పాలు కొత్తగా వచ్చినవి కావు. మూడో రోజు ముద్దపప్పు బతుకమ్మకు పప్పు, పాలు, బెల్లం పెడతాం. నాలుగో రోజు నానబియ్యంలో పాలు, బెల్లం కలుపుతాం. ఎనిమిదో రోజుకైతే పేరే వెన్నముద్దల బతుకమ్మ. సద్దుల నాడు పెరుగు సద్ది లేని గిన్నె ఉండదు, మలీద ముద్ద చేస్తే నెయ్యి కారాలి. ఇంట్లో బర్రె ఉన్న ఆడబిడ్డలు పెట్టిన ఆనవాయితీలు ఇవి. ఇప్పుడు వెన్నముద్దల రోజున వెన్న ప్యాకెట్ కోసం దుకాణానికి పోయే ఇండ్లు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

పనీర్ సంగతి వేరు. అది మన తాతల తిండి కాదు. ఇరవై, ఇరవై ఐదేండ్ల కింద మన దిక్కు పెండ్లిలో పనీర్ కూర అంటే ఎవరికీ తెలియదు. ఇప్పుడు మాంసం తినని వాళ్ల కోసం, మాల వేసుకున్న వాళ్ల కోసం, కార్తీకంలో నీసు ముట్టని ఇండ్ల కోసం పనీర్ లేకుండా విస్తరి పడడం లేదు. దాన్ని మేము తప్పు పట్టడం లేదు. పాలు అమ్ముకునే రైతుకు పాలతో చేసిన కూర ఊరూరా తింటే సంతోషమే. అసలు అడగాల్సింది, అది పాలతో చేసిందేనా అని.

లెక్క చూద్దాం. ఇక్కడ ఉన్నవాళ్లంతా ఫ్యాట్ పాయింట్ల మీద పాలు పోసేవాళ్లే కాబట్టి ఎవరికీ విడమరిచి చెప్పక్కరలేదు. 6 ఫ్యాట్ ఉన్న మంచి బర్రె పాలైతే కిలో పనీర్‌కు దాదాపు 5 లీటర్లు కావాలి. ఆవు పాలైతే 6 నుంచి 7 లీటర్ల దాకా పడుతుంది. లెక్క సులువు కోసం లీటరుకు 50 రూపాయలు అనుకోండి. పాలకే 250 అయింది. గ్యాసో కట్టెలో, నిమ్మ ఉప్పు, మనిషి కూలి, ప్యాకెట్, ఐస్, దుకాణదారు లాభం ఇంకా కలపలేదు. మరి ఎవరైనా పెండ్లి వంటకు కిలో 200కు ఎన్ని క్వింటాళ్లంటే అన్ని పంపిస్తామంటే, ఆ మనిషి ధర్మాత్ముడైనా కావాలి, లేదా దాంట్లో పాలు లేకైనా పోవాలి. వెన్న తీసిన పాలతో చేసే తక్కువ ఫ్యాట్ పనీర్ కూడా ఒకటి ఉంది, అది చౌకగానే వస్తుంది. అది మోసం కాదు, కానీ ప్యాకెట్ మీద ఆ మాట రాసి ఉండాలి.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ఆహార భద్రత ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లెక్క ప్రకారం మామూలు పనీర్‌లో తేమ 60 శాతం మించకూడదు, ఆరిన పదార్థంలో సగమైనా పాల కొవ్వు ఉండాలి. పాల కొవ్వు తీసేసి ఆ జాగలో పామాయిల్ లాంటి నూనె కలిపి, పాలపొడితో, గంజి పిండితో గట్టిపరిచిన ముద్దను అనలాగ్ అంటారు. దాన్ని తయారుచేయడం నేరం కాదు. దాన్ని పనీర్ అని పిలిచి అమ్మడమే నేరం. ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో అనలాగ్ అని ఉంటుంది, వంటశాలలో ఆ ప్యాకెట్ చించేస్తారు, విస్తరిలోకి వచ్చేసరికి అది పనీర్ మసాలా అయిపోతుంది. తినేవాడు ప్యాకెట్ చూడడు, పిలిచిన ఇంటివాడు కూడా చూడడు.

2019లో ఆర్‌సెప్ ఒప్పందం మీద దేశమంతా రైతు సంఘాలు కొట్లాడింది మీలో చాలామందికి యాది ఉండే ఉంటుంది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా నుంచి పాలపొడి, చీజ్ సుంకం లేకుండా దిగితే రెండు బర్రెల రైతు ఏమైపోతాడని అడిగినం. ఆ ఏడాది నవంబరు 4న బ్యాంకాక్‌లో భారత ప్రభుత్వం ఆ ఒప్పందంలో చేరడం లేదని చెప్పింది. ముందు తలుపు అట్ల మూసుకుంది. వెనక తలుపు మాత్రం తెరిచే ఉంది. ఇండోనేషియా, మలేషియా నుంచి ఓడల్లో దిగే పామాయిల్‌ను పాల కొవ్వు జాగలో పోసి పనీర్ పేరుతో అమ్ముతుంటే, అది పాల దిగుమతి కాక మరేమిటి? మన జిల్లాలో కూడా ఆయిల్‌పామ్ తోటలు వేసుకున్న రైతులు ఉన్నారు, ఈ సభలోనూ ఉన్నారు. వాళ్ల పంట మీద మాకు ఏ పేచీ లేదు. నూనెను నూనెగా అమ్మితే అందరం కొంటాం. పాల పేరు పెట్టి అమ్మొద్దనే మా మాట.

500 మంది విందు అనుకోండి. వంటాయన చీటీ మీద 30 కిలోల పనీర్ రాస్తాడు. నిజమైన పనీర్ అయితే 150 లీటర్ల పాలు. చిన్న ఊరిలో పాల కేంద్రానికి ఒక పూట వచ్చే పాలు సుమారు అంతే ఉంటాయి. అంటే ఒక విందు ఒక ఊరి ఒక పూట పాలను కొంటుంది, లేదా కొనకుండా వదిలేస్తుంది. దసరా నుంచి సంక్రాంతి దాకా మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ఫంక్షన్ హాళ్లలో జరిగే విందులు ఎన్నో మీరే వేళ్ల మీద లెక్కపెట్టుకోండి.

ఇంకొకటి కూడా ఉంది, దీన్ని బర్రె ఉన్నవాళ్లే అర్థం చేసుకోగలరు. బర్రెలు ఎక్కువగా వానాకాలం చివర్లో, చలికాలం మొదట్లో ఈనుతాయి. దసరాకు పాలు పెరగడం మొదలై సంక్రాంతికి పొంగుతాయి. పాలు పెరిగినప్పుడే ధర మీద ఒత్తిడి వస్తుంది, ఫ్యాట్ మీద కొర్రీలు వస్తాయి, సాయంత్రం పాలు వద్దనే మాట వస్తుంది. ఎండాకాలంలో పాలు లేక బతిమాలినవాళ్లే చలికాలంలో ముఖం తిప్పుకుంటారు. పాలు పూట దాటితే విరుగుతాయి, పనీర్ నాలుగు రోజులు ఆగుతుంది, కోవా ఇంకా ఆగుతుంది, నెయ్యి నెలలు ఆగుతుంది. మన దగ్గర పాలు ఎక్కువగా ఉండే కాలమూ, మన పండుగల కాలమూ ఒకటే. ఇంత సౌలతు ఉండి కూడా పాలను అమ్ముకొని, పట్నం నుంచి ఎవరో పంపిన తెల్ల ముద్దను కొనుక్కొచ్చే పద్ధతి ఊళ్లలో నడుస్తున్నది.

మేత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడిన తర్వాత చెరుకు తోటలు తగ్గిపోయాయి, దాంతో చలికాలంలో బర్రెలకు దొరికే చెరుకు ఆకు కూడా పోయింది. వరి కోతలకు మిషన్లు వచ్చాక గడ్డి పొలంలోనే చిందరవందరగా పడి చాలావరకు కాలిపోతున్నది. తవుడు, చెక్క, దాణా అన్నీ కొనుడే. ఇంత ఖర్చు పెట్టి తీసిన పాలకు అడ్డా మీద విలువ లేకపోతే పిల్లలు బర్రెను అమ్మి దుబాయి వీసాకు పైసలు కడతామంటున్నారు. వాళ్లను తప్పు పట్టలేం.

ఇక అసలు పని, అంటే చేసుకునే పద్ధతి. మహిళా సంఘాల అక్కలు అడిగారు కాబట్టి విడమరిచి చెబుతున్నాం.

5 లీటర్ల బర్రె పాలు మందపాటి గిన్నెలో అడుగంటకుండా కలుపుతూ మరిగించాలి. ఒక పొంగు వచ్చినంక దించి అయిదు నిమిషాలు ఆగాలి. మరీ సలసల కాగేటప్పుడే పులుపు పోస్తే పనీర్ గట్టిపడి రబ్బరులా వస్తుంది. రెండు చిన్న చెంచాల నిమ్మ ఉప్పు, అంటే సుమారు 10 గ్రాములు, అర లీటరు వేడి నీళ్లలో కరిగించి పక్కన పెట్టుకోవాలి. నిమ్మకాయలు ఉంటే వాటి రసమూ పనికొస్తుంది. ఆ పులుపు నీళ్లను కొద్దికొద్దిగా పోస్తూ నెమ్మదిగా కలపాలి. పాలు విరిగి, లేత పచ్చరంగు తేట నీళ్లు విడివడగానే ఆపేయాలి. మిగిలిన పులుపు ఉందికదా అని మొత్తం పోయొద్దు, పుల్లటి పనీర్ అందుకే వస్తుంది. పది నిమిషాలు ఆగి తడి బట్టలో వడకట్టాలి. బట్ట మన మెట్‌పల్లి ఖాదీలో పలచటిది తీసుకోండి, ఉడకబెట్టి ఆరేస్తే ఏండ్లకేండ్లు వస్తుంది. మూట కట్టి, మీద నీళ్ల బిందె పెట్టి అరగంట ఉంచాలి. తర్వాత ఆ ముద్దను చల్లటి నీళ్లలో రెండు గంటలు వేస్తే ముక్క కోసినప్పుడు చిదరదు. కిలోకు అటూ ఇటూగా వస్తుంది. తక్కువ వస్తే పాలల్లో నీళ్లున్నట్టు, అది ఎవరి తప్పో ఇంట్లోనే తేల్చుకోండి.

విరిగిన నీళ్లను పారబోయొద్దు. పప్పులో పోయొచ్చు, సర్వపిండి కలిపేటప్పుడు నీళ్లకు బదులు వాడితే రుచి వేరుగా ఉంటుంది, ఇంకా మిగిలితే కుడితిలో కలపండి. వండే తీరు గురించి ఒక్కటే చెబుతాం. హోటల్ వాళ్లలాగ జీడిపప్పు, క్రీమ్ పోసి పనీర్‌ను ముంచేస్తే అది నిజమైనదో నకిలీదో నాలుకకు తెలియదు. నకిలీ సరుకుకు ఆ ముసుగు కావాలి, మన సరుకుకు అక్కరలేదు. నువ్వులు, పల్లీలు దోరగా వేయించి పొడి చేసుకోండి. ఉల్లిగడ్డ, అల్లం, పచ్చిమిరపకాయ మగ్గిన తర్వాత మన పసుపు అర చెంచా, ఆ పొడి, కొద్దిగా చింతపండు పులుసు పోసి ఉడకనివ్వండి. పనీర్ ముక్కలు చివర్లో వేసి అయిదు నిమిషాల్లో దించేయండి. నూనెలో గట్టిగా వేయించొద్దు, వేయించాలనుకుంటే తీసిన వెంటనే గోరువెచ్చని ఉప్పు నీళ్లలో వేస్తే మెత్తబడుతుంది. పిల్లల కోసం, బరువు పెట్టకముందే మెత్తటి పొడి ఒక గుప్పెడు తీసి, బెల్లం పొడి, వేయించిన నువ్వులు కలిపి ముద్దలు చేయండి. వెన్నముద్దల రోజున గంప పక్కన పెట్టడానికి అది కూడా బాగుంటుంది, అమ్మలక్కలు ఒప్పుకుంటే!

చీజ్ అనే ఇంగ్లీషు మాటకు మన బడి పుస్తకాల్లో జున్ను అని రాస్తారు. పేరు ఒకటైనా మన జున్ను వేరు. వాళ్లది పాలను విరగ్గొట్టి చేసేది. మనది ఈనిన బర్రె మొదటి పాలల్లో మాంసకృత్తులు ఎక్కువగా ఉండడం వల్ల ఏ పులుపూ లేకుండా ఆవిరి మీద తనకు తానే గట్టిపడేది. మొదటి రోజు పాలైతే ఒక వంతుకు రెండు మూడు వంతుల మామూలు పాలు కలపాలి, బెల్లం, మిరియాలు, యాలకులు వేయాలి. కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. దూడ కడుపు నిండిన తర్వాతే జున్ను. పుట్టిన గంట, రెండు గంటల్లోపే దూడ ముర్రుపాలు తాగాలి. 30 కిలోల దూడకు మొదటి రోజు 3 లీటర్లు కావాలి. రోగాలను తట్టుకునే శక్తి దానికి ఆ పాలతోనే వస్తుంది. పండుగకు బంధువులు వచ్చారని దూడ నోటి దగ్గర లాక్కున్న జున్ను మనకు వద్దు. పట్నాల్లో జున్ను పొడి ప్యాకెట్లు అమ్ముతున్నారు, అది కూడా వద్దు. ఊళ్లో బర్రె ఈనిన ఇంటివాళ్లు ఎట్లాగూ ఇరుగుపొరుగుకు పంచుతారు.

కొనేవాళ్ల సంగతికొద్దాం. సభలో అందరికీ బర్రెలు లేవు, అందరికీ 5 లీటర్ల పాలు మరిగించే తీరిక లేదు. దుకాణంలో కొంటే ఒక ముక్కను నీళ్లలో మరిగించి, చల్లార్చి రెండు చుక్కలు టించర్ అయోడిన్ వేయండి. నీలం రంగు తిరిగితే గంజి పిండి కలిసినట్టు. ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది, పిండిని పడుతుంది కానీ పామాయిల్‌ను పట్టదు. నూనె సంగతి ల్యాబ్‌లోనే తేలుతుంది. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి మీద దేశమంతా గొడవైంది కదా, అప్పుడు కూడా మాటంతా ల్యాబ్ రిపోర్టుల చుట్టే తిరిగింది. పండుగ ముందు రోజు ఏ ఇల్లాలు ల్యాబ్‌కు పోతుంది? అందుకే పాలు ఎక్కడివో తెలిసిన చోట కొనడం తప్ప దారి లేదు. మన పాలతో నడిచే కరీంనగర్ డెయిరీ ఉంది, ప్రభుత్వ సమాఖ్య విజయ డెయిరీ ఉంది. పాత కరీంనగర్ జిల్లాలోనే ముల్కనూరులో ఆడవాళ్లే సభ్యులుగా, ఆడవాళ్లే పాలకవర్గంగా 2002లో మొదలైన స్వకృషి డెయిరీ ఉంది. అక్కడి అక్కలు పాలు పోయడంతో ఆగలేదు, ప్యాకెట్ మీద తమ పేరు వేసుకున్నారు. మన కేంద్రాలు నేర్చుకోవాల్సింది అదే.

దేశం దాటి చూసినా ఇదే తీరు. ఇటలీలో పార్మా దిక్కు ఒక చీజ్ ఉంది. 40 కిలోల చక్రం ఒక్కటి చేయడానికి దాదాపు 550 లీటర్ల పాలు పడతాయి, ఏడాదైనా మాగబెట్టనిదే అమ్మరు. ఆ నాలుగైదు జిల్లాల పాలు కాకపోతే ఆ పేరు పెట్టడానికి లేదు, 1996 నుంచి యూరప్ చట్టమే కాపలా. అక్కడి రైతుకు పేరుతోనే ధర వస్తుంది. మనకు పనీర్ అనే మాటకు చట్టం ఉన్నా గట్టి కాపలా లేదు.

పండుగకు స్థానిక సరుకు కొనడం కొత్త ఆలోచనేం కాదు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్ సిరిసిల్ల మరమగ్గాలకు వచ్చింది. మొదటి ఏడాది కొన్ని చీరలు సూరత్ నుంచి తెచ్చారని ఎంత గొడవైందో గుర్తుంది కదా! ఆడబిడ్డలకు కోపం ఎందుకొచ్చింది? చీర నాణ్యత ఒకటి, సిరిసిల్లలో మగ్గం ఉండగా వేరే రాష్ట్రం గుడ్డ ఏమిటనేది ఇంకొకటి. చీర మీద వచ్చిన ఆ పట్టింపు సద్దుల గిన్నె మీద ఎందుకు రావొద్దు?

మన పనీర్ ధర ఎక్కువ కదా అని అడుగుతారు. ఎక్కువే. మేము దాచడం లేదు. 200కు దొరికేదాన్ని చూపించి 350 ఎందుకు పెట్టాలంటే, ఆ రెండూ ఒక వస్తువు కాదు. కూలి చేసుకునే ఇంటికి అంత పెట్టమని మేము చెప్పం. అలాంటి ఇంట్లో కిలో నకిలీ కన్నా పావు కిలో అసలుదో, ఏదీ లేకుండా నువ్వుల మలీదో మేలు. మా అడుగుడంతా 30 కిలోలు, 50 కిలోలు కొనే విందుల వాళ్లను. మండపానికి, డీజేకు లక్షలు పెట్టి, విస్తరిలో పనీర్ దగ్గర కిలోకు 150 మిగిలించడం పొదుపు కాదు. నాణ్యత ఒక్కో ఇంట్లో ఒక్కో తీరుగా ఉంటుందనే ఫిర్యాదు మాత్రం నిజం. ఒకరిది పుల్లగా, ఒకరిది పొడిపొడిగా వస్తే గిరాకీ రెండోసారి రాదు. అందుకే ఇంటింటికీ కాకుండా, ఊరికి ఒక మహిళా సంఘం ఒక్క చోట ఒక్క కొలతతో చేయాలి. అమ్మకానికి పెట్టేవాళ్లు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. కల్తీ చేసేవాళ్లను అడిగే ముందు మన కాగితాలు మన దగ్గర ఉండాలి.

2025 సెప్టెంబరు 22 నుంచి ప్యాకెట్ పనీర్ మీద ఉన్న 5 శాతం జీఎస్టీ పూర్తిగా పోయింది. నెయ్యి, వెన్న, చీజ్ మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొనేవాళ్లకు ఎంత తగ్గింది, పోసేవాళ్లకు ఎంత పెరిగింది అని మీ మీ కేంద్రాల సర్వసభ్య సమావేశంలో అడగండి, జవాబు రాయించుకోండి.

ఈ పండుగకు చేయబోయేది చెప్పి ముగిస్తాం. ఎంగిలి పూల బతుకమ్మ నాటికి ప్రతి పాల కేంద్రం దగ్గర ఒక నోటుబుక్కు పెడుతున్నాం. సద్దులకు, దసరాకు ఎవరికి ఎంత పనీర్, ఎంత కోవా, ఎంత నెయ్యి కావాలో పేరు, ఇంటి పేరు రాయించాలి. కిలోకు ఎన్ని లీటర్ల పాలు పట్టాయి, పాల ధర ఎంత, చేసినవాళ్ల కూలి ఎంత అని లెక్క కేంద్రం గోడ మీదే రాసి ఉంటుంది, ధర దాని మీదే. సగం పైసలు ముందు కట్టాలి, ఎందుకంటే పాలు కొనడానికి సంఘం అక్కల దగ్గర పెట్టుబడి లేదు. దసరా తర్వాత పెండ్లిళ్లు ఉన్నవాళ్లు వంటాయనతో మాట్లాడేటప్పుడే పనీర్ మేమే తెస్తామని చెప్పేయండి, చీటీలోంచి ఆ వరుస కొట్టేయించండి. సద్దుల పొద్దున ఆరు గంటల నుంచి ఇస్తారు. డబ్బాలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, మూత ఉన్నవి.